జెముడు పండు: గట్టుమీదిదియు, స్తంభముమీదిదియు

విశాఖపట్టణపు పండ్ల యంగళ్లలో నేడు గులాబిరంగు తొక్కయు, దానిపై ఆకుపచ్చని రేకులును గల యొక పండును వరుసగా పేర్చి యమ్ముచున్నారు. డ్రాగన్ ఫ్రూట్ అని దాని పేరు. 2021వ సంవత్సరమున గుజరాతు ప్రభుత్వమువారు దానికి కమలమని నామకరణము చేసిరి. పేరేదైనను అది జెముడు జాతి మొక్కకు కాచిన పండు. ఈ మాట కొనువారిలో పలువురెరుగరు, చెప్పినను నమ్మరు. మెట్టపొలముల గట్లమీదను, సముద్రతీరపు ఇసుక నేలలందును ఎవరును నాటకయే పెరిగి, ఎవరును కోయకయే రాలిపోవు నాగజెముడు పండు దీనికి దాయాది. ఒకటి పళ్లెరములో పెట్టి అతిథికి ఇచ్చునది. రెండవది పశువులు కాచు పిల్లలు తిని, పెదవులు ఎఱ్ఱచేసికొని, ఇంటికి వచ్చి తల్లిచే చీవాట్లు తినునది. పొరుగింటి పుల్లకూర రుచి యను సామెత ఇంతకంటె చక్కగా నెక్కడను సరిపడదు.

అరకు ప్రాంతపు రైతులును, కొండ దిగువ మెట్టరైతులును ఈ విషయమున అడుగదగిన ప్రశ్నలు రెండున్నవి. గట్టుమీది జెముడు పండు తినవచ్చునా యనునది మొదటిది. అప్పుచేసి డ్రాగన్ ఫ్రూట్ తోట వేయవచ్చునా యనునది రెండవది. మొదటిదానికి మా సమాధానము తినవచ్చుననియే. కాని పద్ధతి తెలిసి తినవలెను. రెండవదానికి మా సమాధానము తొందర వలదని. మొదటిదానిని గూర్చియే ఎక్కువ చెప్పదలచితిమి. ఏలయన రెండవదానిని గూర్చి చెప్పువారు, అమ్మువారు, ఫొటోలు చూపువారు ఇప్పటికే పెక్కుమంది కలరు.

ముందుగా ఏ జెముడో తెలిసికొనవలెను. మన భాషలో జెముడను పేరు బహు మొక్కలకు గలదు. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అనునవి వేరు కులమునకు చెందినవి. వానిని గిల్లినచో తెల్లని పాలు కారును. ఆ పాలు కంటికి తగిలిన చూపునకే ముప్పు. నోటికి తగిలిన బొబ్బలెక్కును. వానిలో ఏ భాగమును తినరాదు. మేము చెప్పునది నాగజెముడు. దీనినే నాగదాళి యనియు, కొన్ని సీమలలో బ్రహ్మజెముడనియు నందురు. ఇది పాము పడగవంటి దళసరి మట్టలు ఒకదానిపై నొకటి వేయును. పసుపుపచ్చని పూవు పూయును. గిల్లిన పాలు కారవు, జిగురునీరు మాత్రమే వచ్చును. పండు బేరిపండు ఆకారమున నుండి, పండినపుడు ముదురు ఊదా యెఱుపు రంగు వచ్చును. పేర్లు ఊరూరికి మారుచుండును గనుక పేరును నమ్మక పాలను బట్టి పోల్చుకొనుట మేలు. పాలు కారినచో వదలివేయవలెను. ఈ యొక్క మాట పిల్లలకు చిన్ననాడే నేర్పవలసినది.

ఈ మొక్క మన దేశపుది కాదు. అమెరికా ఖండమున పుట్టినది. మెక్సికో దేశస్థులు దీని జాతులలో కొన్నింటి పండ్లను తిని, లేత మట్టలను కూరవండుకొని, రసమును కాచి ముద్దలు కట్టి నిలువచేసికొని వేల యేండ్లుగా బ్రతుకుచున్నారు. తమ జాతీయ పతాకముమీద గ్రద్ద కూర్చుండియున్న మొక్క ఇదియే. పరదేశపు మొక్కయని కొందరు ముఖము చిట్లింపవచ్చును. అట్లయినచో మన సంతలలోని సీతాఫలము, అనాస, జామ, బొప్పాయి, జీడిమామిడి కూడ ఆ ఖండమునుండియే వచ్చినవి. మిరపకాయయు అంతే. మన్యమునకు నేడు పేరు తెచ్చిన కాఫీయు ఆఫ్రికా ఖండపుది. 1898వ సంవత్సర ప్రాంతమున గోదావరి మన్యములోని పాములేరు లోయలో దానిని నాటిరి. పిమ్మట అది అరకు, పాడేరు కొండలకు ప్రాకెను. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కావున పుట్టుక చూచి మొక్కను వెలివేయుట న్యాయము గాదు. దాని నడవడి చూడవలెను.

నాగజెముడు నడవడి మాత్రము మచ్చలేనిది కాదు. దాని కథ రైతులు తెలిసికొనదగినది. పదునెనిమిదవ శతాబ్దపు చివరి దినములలో కొచినీలు అను చిన్న పురుగునుండి తీసిన ఎఱ్ఱరంగునకు ఐరోపాలో మిక్కిలి గిరాకి యుండెను. ఆ వ్యాపారము స్పెయిను దేశస్థుల గుప్పిటిలో నుండెను. ఆ పురుగు జెముడు మట్టలనుండి రసము పీల్చి బ్రతుకును. దానిని మన దేశమున పెంచినచో లాభము కలుగునని చెన్నపట్టణములోని కుంపిణీ వైద్యుడు జేమ్సు ఆండర్సను 1786 మొదలుకొని తలపోసి, సైదాపేటలో జెముడు తోటయే వేయించెను. 1795లో నీల్సను అను కెప్టెను బ్రెజిలు దేశమునుండి పురుగును కలకత్తాకు తెచ్చెను. కాని వచ్చినది అసలు పురుగు కాదు, దాని దాయాది. దాని రంగు నాసిరకము. అయితే జెముడు తినుటలో మాత్రమది దిట్ట. ఒక జాతి జెముడును ఉత్తర దేశమున అది తుడిచిపెట్టెను. 1836 మొదలు 1838 వరకు దానినే దక్షిణమునకు తెచ్చి విడువగా ఇక్కడను ఆ జాతి నశించెను. ఒక పురుగును బుద్ధిపూర్వకముగా విడిచి కలుపును చంపించిన పనులలో లోకమున మొదటిది ఇదేయని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అయితే మన నాగజెముడు ఆ పురుగునకు లొంగలేదు. అది బీళ్లను, శ్మశానములను, చెరువుగట్లను, మంచి భూములను గూడ ఆక్రమించెను. పాములకు, పందులకు నెలవయ్యెను. ప్రజలు నరికిన కొలది నరికిన ముక్కయెల్ల వేరుదన్నెను. తుదకు 1926లో సింహళమునుండి వేరొక జాతి కొచినీలు పురుగును తెప్పించి వదలిరి. కొలది యేండ్లలోనే సుమారు లక్ష యెకరముల జెముడు క్రుళ్లి నేలకొరగెను. నేటికిని గట్టుమీది జెముడు మట్టలపై దూదివంటి తెల్లని మచ్చలు కనబడును. ఆ మచ్చను వ్రేలితో నలిపినచో ఎఱ్ఱని రంగంటును. అదే ఆ పురుగు. నూరేండ్లుగా అది జెముడును అదుపులో నుంచుచున్నది. దీనిని మరువరాదు, ముందు మరల చెప్పవలసి యున్నది.

ఇంత చెరుపు చేసిన మొక్కయే కరవు దినములలో ప్రాణములు నిలిపినది. 1876 మొదలు 1878 వరకు చెన్నరాజధానిని పీడించిన ధాత కరవులో ఆకలిగొన్నవారు దీని పండ్లను తినిరి. గడ్డి లేనప్పుడు మట్టల ముండ్లను మంటపై కాల్చి, ముక్కలు చేసి పశువులకు వేయుట దక్షిణాపథమున అనేక కరవులలో జరిగినది. మట్టలో నూటికి 85, 90 పాళ్లు నీరే యుండును గనుక అది ఒంటిగా మేత కాజాలదు, పశువు పారుకొనును. ఎండుగడ్డితో కలిపి వేయవలెను. మన పెద్దలు దీనిని కరవు తిండి యనిరి. కరవు తిండి యను పేరు పడినదానిని కలిగిన దినములలో తినుటకు సిగ్గుపడుట మన వారి స్వభావము. చోళ్లకును, సామలకును, కొర్రలకును ఇదే గతి పట్టినది. ఒకప్పుడు బీదల తిండియని పట్టణమువారు చిన్నచూపు చూచిన చోళ్లనే నేడు వారు సంచులలో కట్టించి కొనుచున్నారు. కొండమీద వాని సేద్యము మాత్రము తగ్గి, బియ్యము పెరిగినది. జెముడు పండు విషయమున ఈ పాఠము రైతునకు పనికివచ్చును.

ఇక తిను పద్ధతి. పండుపై కనబడు పెద్ద ముండ్లకంటె కనబడని నూగు ముండ్లే ప్రమాదకరములు. కాయ పైని కన్నులవంటి చుక్కలున్నచోటనెల్ల వెండ్రుకకంటె సన్నని ముండ్లు గుత్తులు గుత్తులుగా నుండును. అవి తగిలిన తక్షణమే ఊడివచ్చి చర్మములో దిగును. నాలుకకును, కొండనాలుకకును దిగినచో రెండు మూడు దినములు మ్రింగుడు పడదు. కంటిలో పడినచో వైద్యునియొద్దకు పోవలసినదే. కావున చేతితో కోయరాదు. ఇనుప పటకారుతో గాని, చీల్చిన వెదురు పుల్లతో గాని పట్టి మెలిత్రిప్పి తీయవలెను. గాలి యెక్కువగా వీచు వేళ కోయరాదు. వేకువను, మంచు తడి ఆరకమునుపు కోసినచో నూగు ఎగురదు. గాలికి ఎదురుగా నిలువక గాలి వీపునకు తగులునట్లు నిలువవలెను.

కోసిన పండ్లను ఇసుకపై పోసి, చీపురుతో గాని ఆకుమండలతో గాని నలుప్రక్కల దొర్లించి రుద్దినచో నూగు చాలవరకు రాలును. పిమ్మట పుల్లకు గ్రుచ్చి చితుకుల మంటపై త్రిప్పుచు కాల్చవలెను. నూగు చిటపట మని కాలిపోవుట వినబడును. తొక్క కమలవలెను గాని లోని గుజ్జు ఉడుకరాదు. తరువాత నీళ్లలో వేసి రెండుమారులు కడిగి, ఆ నీటిని పిల్లలు నడువని చోట పారబోయవలెను. కడిగిన పండును ఒక పుల్లతో అదిమిపట్టి, రెండు కొనలు కోసి, నిడుపుగా నొక గాటు పెట్టి, కత్తిమొనతో తొక్కను రెండు వైపులకు విప్పినచో లోని ఎఱ్ఱని ముద్ద విడివడి వచ్చును. ఇంత శ్రమయా యని అడుగువారికి పనసకాయ కోయు శ్రమను జ్ఞాపకము చేయుచున్నాము.

గుజ్జులో గట్టి గింజలు పెక్కు లుండును. వానిని నమిలినను నలుగవు. కొలది గింజలు కడుపులోనికి పోయినను కీడు లేదు. కాని ఆకలితో పది పదునైదు పండ్లు గింజలతో సహా మ్రింగిన పిల్లలకు గింజలు ప్రేగు చివర గట్టిపడి మలబంధము కలుగుటయు, వైద్యుడు చేయి పెట్టి తీయవలసి వచ్చుటయు వైద్యశాస్త్రమున వ్రాయబడియున్నది. కావున పిల్లలకు రెండు మూడు పండ్లకు మించి యీయరాదు. రసము తీసి యిచ్చుట అన్నిటికంటె మేలు. ఈ పండు తిన్న మరునాడు మూత్రము ఎఱ్ఱగా పోవచ్చును. అది రక్తము కాదు, పండులోని రంగే. బీటుదుంప తిన్నవారికిని అట్లే యగును. తెలియక భయపడువారుందురు గనుక చెప్పుచున్నాము.

రసము తీయుట కష్టము గాదు. ఒలిచిన గుజ్జును చేతితో గాక కఱ్ఱగరిటెతో నలిపి, దళసరి నూలుగుడ్డలో వేసి పిండవలెను. మొదటిమారు వడకట్టిన రసమును మరల నొక గుడ్డను రెండు మడతలుగా వేసి వడకట్టవలెను. ఈ రెండవ వడపోత మానరాదు. తప్పించుకొని వచ్చిన నూగు ముల్లు దానిలో చిక్కును. నాగజెముడు రసమునకు సహజముగా కొంత పులుపు గలదు. దానిలో రెండింతలు నీరు, తగినంత బెల్లము, చిటికెడు శొంఠిపొడి, రెండు మిరియములు నూరి కలిపినచో శ్రీరామనవమి పానకమునకు తీసిపోని పానీయమగును. మన్యపు మిరియము మనదే గదా. గుజరాతు రాష్ట్రమున కచ్ఛము, సౌరాష్ట్రము ప్రాంతములలో ఇట్టి జెముడు పండునే ఫిండ్లా యని పిలిచి, రసమును, షర్బతును సీసాలలో పోసి అమ్ముచున్నారు. అది ఎడారి గట్లమీద ఊరక కాచిన పండే.

నిలువచేయదలచినచో రెండు మార్గములు గలవు. రసమునకు సమముగా బెల్లము గాని పంచదార గాని చేర్చి సన్నని సెగపై కాచి లేతపాకము రానిచ్చి దింపవలెను. తీవ్రమైన మంటపై చాలసేపు కాచినచో అందమైన ఎఱుపు పోయి ఇటుకరంగు వచ్చును. ఈ రంగు వేడికి నిలువదు. దింపబోవు ముందు నిమ్మరసము పిండినచో రంగు కొంత నిలుచును, నిలువకును మంచిది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో కాచరాదు. రెండవది తాండ్ర. మామిడి తాండ్ర వేయు విధముననే చాపపై పలుచగా పోసి, ఎండిన కొలది పొరపై పొర వేయవలెను. ఇది ఒంటిగా సాగుడుగా నుండదు. మామిడి గుజ్జును గాని జామ గుజ్జును గాని సగముపాలు కలిపినచో చక్కగా కుదురును. మామిడి తాండ్ర వేయు ఇల్లాలికి ఇంతకంటె చెప్పవలసినది లేదు. పచ్చి రసము మాత్రము వేసవిలో సాయంకాలమునకే పులియును. దానిని ఉదయము తీసి ఉదయమే త్రాగవలెను.

ఒక సంగతి గట్టిగా చెప్పక తప్పదు. ఈ రసము త్రాగినచో రక్తము పట్టునని, మధుమేహము కుదురునని, సర్వరోగములు పోవునని సీసాలమీద వ్రాయువారున్నారు. ఎఱ్ఱనిదెల్ల రక్తము గాదు. పండు మంచి ఆహారము, దానిలో సి విటమిను గలదు, అంతవరకు సత్యము. మన కొండలలో గర్భిణీ స్త్రీలకును, పిల్లలకును రక్తహీనత యెక్కువ. గిరిజన జాతులలో సికిల్ సెల్ అను పుట్టువ్యాధియు కలదు. దాని నిమిత్తమే 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక కార్యక్రమము నారంభించినది. రక్తపరీక్ష చేయించుకొనవలసిన తల్లి, ఇనుము మాత్రలు మ్రింగవలసిన తల్లి, ఎఱ్ఱరసమును నమ్ముకొని ఆస్పత్రికి పోవుట మానినచో ఆ నష్టమునకు పండు బాధ్యత వహింపదు, సీసా అమ్మినవాడును వహింపడు. సంఘముల పేరిట ఎన్నడైన ఈ రసమును అమ్మదలచినచో ఇట్టి మాట యొకటియు చీటీపై ఉండరాదు. అమ్మకమునకు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు కూడ కావలెను.

సంఘముల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. 1956లో విశాఖపట్టణమున స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, కొండచీపుళ్లు, కరక్కాయ మొదలైనవానిని కొనుచున్నది. 2018 నుండి వన్ ధన్ కేంద్రములను పేర స్త్రీలు గుంపులుగా గూడి అడవి సరకును శుభ్రపరచి, పొడిచేసి, కట్టలు కట్టి అమ్ము ఏర్పాటును గలదు. ఇట్టి గుంపులకు ఇప్పటికే తూనికలు, వడపోతలు, సీసాలు, నమోదుకాగితములు అలవాటైనవి. కొండ దిగువ మెట్టపల్లెలలో జెముడు పండు కాచు ఒక ఋతువున ఒక గుంపు నూరు సీసాలు చేసి చూచినచో నష్టమెంతయో లాభమెంతయో వారికే తెలియును. యంత్రము కొననక్కరలేదు, షెడ్డు కట్టనక్కరలేదు. పటకారు, గుడ్డ, పొయ్యి చాలును. ఇట్టి చిన్న పరీక్షకు సంఘములు వెనుదీయరాదని మా కోరిక. అయితే ఈ పండు కొరకు నాగజెముడును క్రొత్తగా నాటవలెనని మేము చెప్పుట లేదు. ఉన్నదానిని తినుడు, లేనిచోటికి తీసికొనిపోవలదు. నరికిన ముక్కను కొండవాగులో పారవేయుట కూడ నేరమువంటిదే. అది దిగువ పల్లెలో మొలచును.

ముల్లులేని జెముడును గూర్చియు నొక మాట. 2022 నుండి కేంద్ర ప్రభుత్వపు భూవనరుల శాఖవారు బీడు భూములలో దానిని నాటుటను ప్రోత్సహించుచున్నారు. పశువులకు మేతయగునని, గ్యాసు తీయవచ్చునని వారి యాశయము. అనంతపురమువంటి వానలేని సీమలో, ఏటికి 550 మిల్లిమీటర్లు కురియుటయే గగనమైన చోట, ఈ యోచనలో అర్థము లేకపోలేదు. కాని అరకు వేరు. అది సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. వానకాలము పొడవునను నేల తడియారదు. జెముడునకు తడికాలు శత్రువు. మరియు పైన చెప్పిన 1926 నాటి పురుగు మన దేశమందే కలదు. అది ముల్లున్నది, ముల్లులేనిది అని చూడదు. మొరాకో దేశమున జెముడు పండును రైతులు పెద్దయెత్తున పండించి, గింజలనుండి ఖరీదైన నూనె కూడ తీయుచుండిరి. అచ్చటికి 2014లో ఈ పురుగు చేరి కొలది యేండ్లలోనే కంచెలు, తోటలు నేలమట్టము చేసినది. మనము ఒక కలుపును చంపుటకు తెచ్చినది వారికి ఒక పంటను చంపినది. ఇట్టి పురుగు పెరటిలో పెట్టుకొని మరల ఆ పంటయే వేయుమనువారు రైతునకు ఈ సంగతి ముందుగా చెప్పవలెను.

ఇక డ్రాగన్ ఫ్రూట్. పండు మంచిదే. తినుటకు సుళువు, ముల్లు లేదు, గింజ నువ్వుగింజవలె నలిగిపోవును. రెండు చెక్కలుగా కోసి గరిటెతో తీసి తినవచ్చును, మజ్జిగలో చిలికి త్రాగవచ్చును, మొగ్గలను కూరవండుకొనవచ్చును. తెల్లగుజ్జుది చప్పగాను, ఎఱ్ఱగుజ్జుది కొంచెము తీయగాను ఉండును. ఒక్క మర్మము కలదు. ఇది మామిడివలె కోసిన తరువాత పండునది కాదు. పచ్చిగా కోసి లారీ యెక్కించినచో చప్పదనము చప్పదనముగానే యుండును. పట్టణమువారు ఈ పండు రుచిలేనిదని చెప్పుటకు చాలవరకు కారణమిదే. కావున దగ్గరి సంతలో పండినది పండినట్లు అమ్మగల కొండరైతునకు రుచి విషయమున దూరపు తోటవానిపై పైచేయి గలదు. పర్యాటకులు అరకు రైలు దిగి కొనుచున్న దినములలో ఈ యనుకూలము చిన్నది గాదు. మిక్కుటమైన ఎండకు మైదానములో తీగలు మాడుచుండగా కొండమీది చల్లదనము దానికి హాయి. ఇవన్నియు అనుకూలములు.

ప్రతికూలములను కూడ లెక్కవేయవలెను. ఈ తీగకు ఆధారము కావలెను. ప్రతి మూడు మీటర్లకు నొక సిమెంటు స్తంభము, దానిపై చక్రము, దాని మొదట నాలుగు మొక్కలు అనునది వాడుక. ఆ లెక్కన ఎకరమునకు 450 స్తంభములు, 1,800 మొక్కలు. ఘాటురోడ్డుపై ఆ స్తంభములు ఎక్కించుట, రోడ్డునుండి పల్లెకు మోయించుట, నిలువబెట్టుట యను ఖర్చు మైదానపు లెక్కలలో కనబడదు. మొదటి కాపు రెండవ యేటనో మూడవ యేటనో వచ్చును; అప్పుపై వడ్డీ మాత్రము మొదటి నెలనుండియే కాయును. వాననీరు నిలిచినచో వేరు క్రుళ్లును. మిట్టలు కట్టి వాలు ఏర్పరచి నాటవలెను. లంబసింగి, చింతపల్లి వైపు చలికాలమున పాదరసము సున్న చేరువకు దిగు రాత్రులున్నవి. పొగమంచు కాదు, గడ్డకట్టు మంచు పడినచో లేత తీగ కమలిపోవును. దేశమంతట ఈ తోటలు పెరుగుచున్నవి. కేంద్ర ప్రభుత్వము దీని విస్తీర్ణమును 50,000 హెక్టార్లకు పెంచవలెనని తలపెట్టినది. అందరును పండించిన నాడు నేటి ధర నిలుచునా? నిలువదనియే మా యనుమానము.

రెండెకరములు గల కొండరైతు కాఫీ క్రింది మిరియమును, దిగువ మడిలోని వరిని, మెట్టలోని చోడిని విడిచి మొత్తము భూమిలో స్తంభములు పాతుట మాకు సమ్మతము గాదు. పది పాదులు పెరటిలో వేయవచ్చును. సిమెంటుకు బదులు బ్రతికియున్న చెట్టు మ్రానుకు ప్రాకించి చూడవచ్చును. అడవిలో ఈ తీగ స్వభావమదియే. మూడు కాపులు చూచిన పిమ్మట అప్పు మాట ఆలోచింపవచ్చును. సంఘపు కార్యవర్గమువారును ఈ పంటకు ఋణమడిగిన సభ్యుని మొదట అడుగవలసినది పొలము కొలత కాదు. ఇంతవరకు ఎన్ని పాదులు పెంచితివి, ఎవరికి అమ్మితివి యని.

మరియొక ప్రమాదమున్నది. పెట్టుబడి మాది, భూమి నీది, పేరు నీది, పంట మాది యని బయటివారు వచ్చి కాగితము చూపుట ప్రతి క్రొత్త పంటతోను జరుగునదే. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుని భూమి గిరిజనేతరునకు చెందరాదని 1959 నాటి నిబంధనయు, దానిని సవరించిన 1970 నాటి ఒకటవ నిబంధనయు శాసించుచున్నవి. స్తంభము ఇరువదియేండ్లు నిలుచును. ఇరువది యేండ్లు వేరొకని స్తంభము నిలిచిన భూమి ఎవరిదని ఊరివారు చెప్పుకొందురో ఊహింపవచ్చును. వ్రేలిముద్ర వేయకమునుపు సంఘపు కార్యదర్శికిని, గ్రామసభకును ఆ కాగితము చూపుడని సభ్యులను మరీమరీ వేడుచున్నాము.

గట్టుమీది పండునకు ఇట్టి కాగితము అక్కరలేదు. ఈ యేడు నాగజెముడు పండినచోటి సభ్యులు పైన వ్రాసిన విధమున రసము తీసి, బెల్లమెంత పట్టినది, ఎన్ని దినములు నిలిచినది, పిల్లలు ఇష్టపడిరా లేదా యనునది మాకు వ్రాసినచో వచ్చు సంచికలలో సంతోషముతో ప్రకటింతుము. తాండ్ర వేసినవారు ఒక ముక్క కూడ పంపవచ్చును.